క్లౌడ్ కంటైనర్ సేవలకు కమాండ్ లైన్ ప్రవేశం

అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థల డేటా సెంటర్లలో నడిచే కంటైనర్లకు మన టెర్మినల్ నుంచి ఆదేశాలు పంపేందుకు చేసుకునే ఏర్పాటును కమాండ్ లైన్ ప్రవేశం అంటారు. రెండు మూడు టూల్స్ ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి లాగిన్ అయి, ఒక కాన్ఫిగ్ ఫైల్ తయారు చేసుకుంటే పని మొదలవుతుంది. అందుకే చాలామంది దీన్ని ఇన్‌స్టలేషన్ వ్యవహారంగా చూసి, ఎక్కడో దొరికిన నాలుగు కమాండ్లు అతికించి ముందుకు పోతారు. అసలు కష్టం గుర్తింపు దగ్గర ఉంది. అవతలి సర్వర్‌కు ‘నేను ఫలానా’ అని ఎలా రుజువు చేసుకుంటాం, ఆ రుజువు ఎంతసేపు చెల్లుతుంది, అది పరాయి చేతిలో పడితే ఎంత నష్టం అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిసినవారికి మిగతాదంతా సులువు. ఈ రంగంలో పదేళ్లుగా వచ్చిన మార్పులు దాదాపు అన్నీ ఒకే దారిలో నడిచాయి. ఎప్పటికీ చెల్లే రహస్యాన్ని మనిషి చేతికి ఇవ్వడం తగ్గి, కొద్ది నిమిషాలే చెల్లే టోకెన్‌ను అవసరమైనప్పుడు పుట్టించుకోవడం పెరిగింది.

నేపథ్యం

ఒక ప్రోగ్రామ్‌ను మిగతావాటి కంట పడకుండా విడిగా నడపాలన్న ఆలోచన పాతదే. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన సీహెచ్‌రూట్ దానికి తొలి రూపం. గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టిన సీగ్రూప్స్ పని 2008 జనవరిలో లైనక్స్ కెర్నల్‌లో చేరింది. దాంతో ఒక్కో ప్రోగ్రామ్‌కు ఇంత మెమరీ, ఇంత ప్రాసెసర్ అని పంచి ఇవ్వడం వీలైంది. ఈ సౌకర్యాలను మామూలు ప్రోగ్రామర్ చేతికి అందించింది డాకర్. 2013 మార్చిలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ ఒక చిన్న ప్రసంగంలో దాన్ని లోకానికి చూపించారు.

దూరం నుంచి నడిపే వీలు డాకర్ నిర్మాణంలోనే ఉంది. మనం టైప్ చేసే డాకర్ కమాండ్ కంటైనర్‌ను తానుగా నడపదు, వెనక పనిచేసే డెమన్‌కు కబురు పంపుతుంది. ఆ డెమన్ అదే మెషీన్‌లో ఉండి తీరాలన్న నియమం లేదు. డాకర్ హోస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దూరపు సర్వర్ చిరునామా పెట్టి, ఇంకో రెండు వేరియబుల్స్‌లో టీఎల్ఎస్ తనిఖీ, సర్టిఫికెట్లు ఉన్న ఫోల్డర్ చెప్తే చాలు, అదే కమాండ్ వేరే ఖండంలోని మెషీన్ మీద పనిచేస్తుంది. సర్టిఫికెట్లతో నడిచేది 2376 పోర్టు. ఏ రక్షణా లేనిది 2375. ఈ రెండో పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన సర్వర్లలోకి క్రిప్టో మైనింగ్ ముఠాలు చొరబడటం ఇప్పటికీ ఆగలేదు.

తొలి తరం క్లౌడ్ కంటైనర్ సేవలు ఈ వీలునే వాడుకున్నాయి. ఐబీఎం తన బ్లూమిక్స్ వేదికలో క్లౌడ్ ఫౌండ్రీ కమాండ్‌కు ‘ఐసీ’ అనే ప్లగిన్ తగిలించింది. లాగిన్ అయ్యాక ఆ ప్లగిన్ చూపించిన వేరియబుల్స్‌ను టెర్మినల్‌లో సెట్ చేసుకుంటే మామూలు డాకర్ కమాండే క్లౌడ్‌తో మాట్లాడేది. టెర్మినల్ మూసేస్తే ఆ సెట్టింగ్స్ పోయేవి. మళ్లీ తెరిచినవారు వేరియబుల్స్ సంగతి మరిచిపోయి, తమ ల్యాప్‌టాప్‌లోని కంటైనర్లనే క్లౌడ్‌వి అనుకునే ప్రమాదం ఉండేది.

మెషీన్ల గుంపు (క్లస్టర్) మీద కంటైనర్లను నడిపే కుబెర్నెటీస్‌ను 2014 జూన్‌లో గూగుల్ బయటపెట్టడంతో దారి మారింది. జో బీడా, బ్రెండన్ బర్న్స్, క్రెయిగ్ మెక్‌లకీ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 2015 జులై 21న 1.0 వెర్షన్‌కు చేరింది. గూగుల్ కంటైనర్ ఇంజిన్ (జీకేఈ) అదే ఏడాది ఆగస్టులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అమెజాన్ అంతకుముందే, 2014 నవంబర్‌లో, ఈసీఎస్ పేరుతో సొంత పద్ధతిని ప్రకటించినా, చివరికి కుబెర్నెటీస్‌కు కూడా చోటివ్వక తప్పలేదు. అమెజాన్ ఈకేఎస్, మైక్రోసాఫ్ట్ ఏకేఎస్ రెండూ 2018 జూన్‌లోనే పూర్తి స్థాయి సేవలయ్యాయి. మూడు కంపెనీలదీ ఒకే ఏపీఐ కావడంతో, మూడింటినీ క్యూబ్‌సీటీఎల్ అనే ఒకే టూల్‌తో నడపడం సాధ్యమైంది. ఒక కంపెనీలో నేర్చిన పని మరో కంపెనీ క్లౌడ్‌లో పనికిరావడం ఇంజనీర్లకు దీనివల్ల కలిగిన పెద్ద మేలు.

కాన్ఫిగ్ ఫైల్

క్యూబ్‌సీటీఎల్ గో భాషలో రాసిన ఒకే ఒక్క ఫైల్. డౌన్‌లోడ్ చేసి పాత్‌లో పెడితే ఇన్‌స్టలేషన్ అయిపోయినట్టే. వెర్షన్ విషయంలో మాత్రం ఒక నియమం ఉంది. క్లస్టర్‌లోని ఏపీఐ సర్వర్ కంటే టూల్ ఒక మైనర్ వెర్షన్ వెనక గానీ ఒకటి ముందు గానీ ఉండవచ్చు, అంతకు మించకూడదు. సర్వర్ 1.30 అయితే టూల్ 1.29, 1.30, 1.31లలో ఏదైనా ఫరవాలేదు. కుబెర్నెటీస్ ఏడాదికి మూడు వెర్షన్లు విడుదల చేస్తుంది కాబట్టి, ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మరిచిపోయిన టూల్ త్వరగానే ఈ గీత దాటిపోతుంది.

ఈ టూల్ చేసే ప్రతి పనీ ఏపీఐ సర్వర్‌కు పంపే ఒక హెచ్‌టీటీపీఎస్ అభ్యర్థనే. కమాండ్ చివర ‘వీ’ ఆప్షన్‌కు 8 అని విలువ ఇస్తే ఏ చిరునామాకు ఏం పంపిందో, ఏం జవాబు వచ్చిందో తెర మీద కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు మొదటి రోజే ఇది ఒకసారి చేసి చూడాలి. తెర వెనక మంత్రమేదీ లేదని అప్పుడే నమ్మకం కుదురుతుంది.

ఏ సర్వర్‌కు పంపాలి, ఎవరి పేరున పంపాలి అన్నది హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘క్యూబ్’ ఫోల్డర్‌లోని ‘కాన్ఫిగ్’ అనే ఫైల్ చెబుతుంది. యామల్ రూపంలో ఉండే ఈ ఫైల్‌లో మూడు జాబితాలుంటాయి. క్లస్టర్ల జాబితాలో ఒక్కో సర్వర్ చిరునామా, దాన్ని నమ్మడానికి కావలసిన సర్టిఫికెట్ ఉంటాయి. యూజర్ల జాబితాలో గుర్తింపు వివరాలుంటాయి. ఫలానా క్లస్టర్‌కు ఫలానా యూజర్‌గా వెళ్లాలని జత కలిపేది కాంటెక్స్ట్ జాబితా. వీటికి తోడు, ఇప్పుడు ఏ కాంటెక్స్ట్ వాడుకలో ఉందో చెప్పే వరుస ఒకటి.

ఆ ఒక్క వరుస వల్ల జరిగే అనర్థాలు తక్కువేమీ కాదు. కాంటెక్స్ట్ మార్పు ఫైల్‌లో జరుగుతుంది కాబట్టి అది తెరిచి ఉన్న టెర్మినల్స్ అన్నిటికీ వర్తిస్తుంది. ఒక విండోలో టెస్ట్ క్లస్టర్ మీద పనిచేస్తూ, పక్క విండోలో ప్రొడక్షన్‌కు మారి ఏదో చూసి, తిరిగి మొదటి విండోకు వచ్చి డిలీట్ కమాండ్ కొడితే పోయేది ప్రొడక్షన్‌లోని అప్లికేషనే. ఇది అజాగ్రత్త మనుషుల సమస్య అని కొట్టిపారేయకూడదు, ఫైల్ రూపకల్పనే అలా ఉంది. దీనికి మందు కూడా అందులోనే ఉంది. క్యూబ్‌కాన్ఫిగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో వేరే ఫైల్ పేరు పెడితే ఆ టెర్మినల్ ఆ ఫైల్‌నే చదువుతుంది. ప్రొడక్షన్‌కు ఒక ఫైల్, మిగతావాటికి ఇంకొకటి పెట్టుకుని, వాడుకలో ఉన్న కాంటెక్స్ట్ పేరు ప్రాంప్ట్‌లోనే కనిపించేలా చేసుకున్నవారికి ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

యూజర్ల జాబితాలో ఏముండాలన్న దానికి జవాబు కాలంతోపాటు మారింది. మొదట్లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసిపెట్టే పద్ధతి ఉండేది. 2020 ఆగస్టులో వచ్చిన 1.19 వెర్షన్‌తో కుబెర్నెటీస్ దాన్ని పూర్తిగా తీసేసింది. క్లయింట్ సర్టిఫికెట్ అంతకంటే మెరుగే గానీ, దానిలో పెద్ద లోపం ఒకటుంది. ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్‌ను గడువు తీరకముందే విడిగా రద్దు చేసే ఏర్పాటు కుబెర్నెటీస్‌లో లేదు. ఉద్యోగం మానేసిన మనిషి ల్యాప్‌టాప్‌లో అది ఉండిపోతే గడువు దాకా భయపడుతూ కూర్చోవాలి. దీనికి పరిష్కారంగా వచ్చిందే ఎగ్జిక్ ప్లగిన్. ఫైల్‌లో రహస్యం బదులు ‘ఈ ప్రోగ్రామ్‌ను నడిపితే టోకెన్ వస్తుంది’ అని రాసి ఉంటుంది. క్యూబ్‌సీటీఎల్ ఆ ప్రోగ్రామ్‌ను నడిపి, వచ్చిన టోకెన్‌ను సర్వర్‌కు చూపిస్తుంది. 2021 ఆగస్టులో 1.22 వెర్షన్‌తో ఇది స్థిరపడింది. 2022 డిసెంబర్‌లో వచ్చిన 1.26 నుంచి గూగుల్, అజ్యూర్‌ల కోసం టూల్ లోపలే ఉన్న పాత కోడ్‌ను తీసేయడంతో ప్లగిన్ తప్పనిసరైంది. ఆ వెర్షన్‌కు మారిన రోజున అప్పటిదాకా పనిచేసిన ఫైల్ ఎందుకు మొరాయిస్తోందో తెలియక తికమకపడినవారు ఎందరో.

ఇందులోంచే ఒక హెచ్చరిక కూడా పుడుతుంది. కాన్ఫిగ్ ఫైల్ ప్రోగ్రామ్‌ను నడిపించగలదు కాబట్టి, ఎవరో పంపిన ఫైల్‌ను చూడకుండా వాడితే అందులో రాసిన ప్రోగ్రామ్ మన మెషీన్ మీద నడుస్తుంది. తెలియని చోటి నుంచి వచ్చిన ఫైల్‌ను స్క్రిప్ట్‌ను చదివినంత జాగ్రత్తగా చదవాలి.

మూడు క్లౌడ్‌ల పద్ధతులు

అమెజాన్‌లో మొదటి మెట్టు ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ. 2020 ఫిబ్రవరిలో వచ్చిన రెండో వెర్షన్ తనకు కావలసిన పైథాన్‌ను తనతోనే తెచ్చుకుంటుంది, మెషీన్‌లోని పైథాన్‌తో గొడవపడదు. ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్’ అని కొడితే నాలుగు ప్రశ్నలు అడుగుతుంది: యాక్సెస్ కీ, సీక్రెట్ కీ, రీజియన్, అవుట్‌పుట్ రూపం. మొదటి రెండూ టెక్స్ట్ ఫైల్‌లో ఏ మరుగూ లేకుండా నిలిచిపోతాయి. ట్యుటోరియల్స్‌లో ఎక్కువగా కనిపించేది ఈ దారే అయినా, సంస్థలో పనిచేసేవారు దీన్ని వదిలి ఐడెంటిటీ సెంటర్ ద్వారా బ్రౌజర్‌లో లాగిన్ అయ్యే ‘కాన్ఫిగర్ ఎస్ఎస్ఓ’ పద్ధతి ఎంచుకోవాలి. అక్కడ వచ్చే కీలు కొన్ని గంటలే చెల్లుతాయి. ఏ దారిలో వెళ్లినా, తర్వాత చేయాల్సిన మొదటి పని ‘ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ’ కమాండ్ కొట్టడం. ఇప్పుడు అమెజాన్ దృష్టిలో మీరెవరో అది చెబుతుంది. సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

రీజియన్ ప్రశ్న దగ్గర తెలుగువారు ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. అమెజాన్ భారత్‌లో మొదటి రీజియన్‌ను 2016లో ముంబైలో తెరిచింది. రెండోది హైదరాబాద్‌లో 2022 నవంబర్ 22న ప్రారంభమైంది. దాని సంకేతం ‘ఏపీ-సౌత్-2’. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లు ఖాతాలో ముందుగా తెరిచి ఉండవు, వాటిని మనమే ఎనేబుల్ చేసుకోవాలి. హైదరాబాద్ కూడా ఆ కోవలోదే. ఎనేబుల్ చేయకుండా ఆ సంకేతం ఇస్తే ‘టోకెన్ చెల్లదు’ అన్న అర్థంలో ఎర్రర్ వస్తుంది. కీ తప్పేమోనని గంటలు వెతికినా లాభం ఉండదు. తెరిచి ఉన్న రీజియన్‌నే పొరపాటున ఇస్తే కథ వేరు. క్లస్టర్ల జాబితా ఖాళీగా వస్తుంది, ఎర్రర్ ఏదీ రాదు.

తర్వాతి మెట్టు ‘ఈకేఎస్ అప్‌డేట్-క్యూబ్‌కాన్ఫిగ్’ కమాండ్. క్లస్టర్ పేరు ఇస్తే కాన్ఫిగ్ ఫైల్‌లో కావలసిన వరుసలు అదే రాస్తుంది. ఈకేఎస్ వచ్చిన తొలి రోజుల్లో ఈ ఫైల్‌ను చేత్తో రాసుకుని, హెప్టియో సంస్థ తయారుచేసిన అథెంటికేటర్‌ను విడిగా తెచ్చుకోవలసి వచ్చేది. ఇప్పుడు టోకెన్ పుట్టించే పని సీఎల్ఐ చేస్తుంది. ఆ టోకెన్ నిర్మాణం తెలుసుకోదగ్గది. ‘నేనెవరు’ అని అమెజాన్‌ను అడిగే అభ్యర్థనను మన సీక్రెట్ కీతో సంతకం చేసి, పంపకుండా ఆపి, ఆ సంతకం ఉన్న చిరునామానే టోకెన్‌గా క్లస్టర్‌కు ఇస్తుంది. క్లస్టర్ ఆ చిరునామాకు వెళ్లి అడిగితే అమెజాన్ మన పేరు చెబుతుంది. సీక్రెట్ కీ మన మెషీన్ దాటి ఎక్కడికీ పోదు, టోకెన్ 15 నిమిషాలకు మించి చెల్లదు. ఈ మొత్తం రంగంలో ఇంత పొందికైన ఏర్పాటు మరొకటి అరుదు. సంతకంలో సమయం కూడా ఉంటుంది కాబట్టి, ల్యాప్‌టాప్ గడియారం తప్పుగా ఉంటే అన్నీ సరిగ్గా చేసినా లోపలికి వెళ్లలేం.

గూగుల్‌లో ‘జీక్లౌడ్ ఆథ్ లాగిన్’ బ్రౌజర్ తెరుస్తుంది. ప్రాజెక్టు ఎంచుకున్నాక ‘కంటైనర్ క్లస్టర్స్ గెట్-క్రెడెన్షియల్స్’ కమాండ్ ఫైల్ రాస్తుంది. జీకేఈ ఆథ్ ప్లగిన్‌ను ముందే ఇన్‌స్టాల్ చేసి ఉంచుకోవాలి. ఏ ఇన్‌స్టలేషనూ వద్దనుకునేవారికి గూగుల్ క్లౌడ్ షెల్ ఉంది. బ్రౌజర్‌లోనే టెర్మినల్, 5 జీబీ సొంత స్థలం, క్యూబ్‌సీటీఎల్ సిద్ధంగా ఉంటాయి. పాత ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి ఇది మంచి ఆసరా.

మైక్రోసాఫ్ట్‌లో ‘ఏజెడ్ లాగిన్’, ఆపై ‘ఏకేఎస్ గెట్-క్రెడెన్షియల్స్’. క్లస్టర్ మైక్రోసాఫ్ట్ గుర్తింపు సేవ అయిన ఎంట్రా ఐడీతో ముడిపడి ఉంటే క్యూబ్‌లాగిన్ అనే ప్లగిన్ కావాలి. ఇదే కమాండ్‌కు ‘అడ్మిన్’ ఆప్షన్ ఇస్తే ఆ తనిఖీలన్నిటినీ దాటవేసే సర్టిఫికెట్ చేతికొస్తుంది. అత్యవసరానికి పెట్టిన ఈ దారిని రోజువారీ పనికి వాడటం తప్పు. ఏ సంస్థ అయినా ఆ లోకల్ అకౌంట్లను ఆపేసి ఉంచడమే మేలు.

లోపలి అనుమతులు

క్లౌడ్ ఖాతాలో పూర్తి అధికారాలున్న వ్యక్తికి కూడా క్లస్టర్ ‘అనుమతి లేదు’ అని చెప్పడం కొత్తవారిని బాగా కలవరపెట్టే విషయం. రెండు తనిఖీలు వేరువేరుగా జరుగుతాయి. గేటెడ్ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేరు రాసుకుని లోపలికి పంపినా, ఫ్లాట్ తలుపు తీయాల్సింది ఆ ఇంటివాళ్లే కదా. ఆ రెండో తలుపు ఆర్‌బీఏసీ. 2017లో వచ్చిన 1.8 వెర్షన్‌తో స్థిరపడిన ఈ పద్ధతిలో, ఏ యూజర్ ఏ నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్ లోపలి విభాగంలో) ఏ పని చేయవచ్చో రోల్స్‌గా రాస్తారు.

ఈకేఎస్‌లో చాలాకాలం దీని పరిస్థితి ఇబ్బందిగా ఉండేది. క్లస్టర్‌ను సృష్టించిన గుర్తింపుకే పూర్తి అధికారం దక్కేది, ఆ సంగతి ఎక్కడా కంటికి కనిపించేది కాదు. మిగతావారిని చేర్చాలంటే క్లస్టర్ లోపలున్న ‘ఏడబ్ల్యూఎస్-ఆథ్’ అనే కాన్ఫిగ్‌మ్యాప్‌ను చేత్తో మార్చాలి. అందులో ఒక ఖాళీ తప్పినా అందరి దారీ మూసుకుపోయే ప్రమాదం. 2023 డిసెంబర్‌లో వచ్చిన యాక్సెస్ ఎంట్రీలతో ఈ జాబితాను అమెజాన్ వైపు నుంచే నడిపే వీలు కలిగింది. కొత్త క్లస్టర్ పెట్టేవారు పాత కాన్ఫిగ్‌మ్యాప్ జోలికి పోనక్కర్లేదు.

మన అనుమతులేమిటో క్లస్టర్‌నే అడగవచ్చు. ‘ఆథ్ కెన్-ఐ’ ఫలానా పని చేయగలనా అన్నదానికి అవును, కాదు అని చెబుతుంది. ‘ఆథ్ హూయామై’ క్లస్టర్ మనల్ని ఏ పేరుతో గుర్తుపట్టిందో చూపిస్తుంది.

కంటైనర్ ఇమేజ్‌లను భద్రపరిచే రిజిస్ట్రీలకు లాగిన్ వేరే. అమెజాన్ ఈసీఆర్ ఇచ్చే పాస్‌వర్డ్ 12 గంటలు చెల్లుతుంది. దాన్ని పైపు ద్వారా డాకర్ లాగిన్‌కు పంపాలి. కమాండ్‌లోనే టైప్ చేస్తే టెర్మినల్ హిస్టరీలో ఉండిపోతుంది. గూగుల్ పాత కంటైనర్ రిజిస్ట్రీ 2025 మార్చి 18న మూతపడింది. పాత పుస్తకాల్లోని చిరునామాల బదులు ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీ వాడాలి.

ఎర్రర్లను చదవడం

ప్రవేశం కుదరనప్పుడు వచ్చే సందేశాలు ఏ మెట్టు దగ్గర ఆగిపోయామో స్పష్టంగా చెబుతాయి. లోకల్‌హోస్ట్ 8080 పోర్టుకు కనెక్షన్ కుదరలేదంటే టూల్‌కు కాన్ఫిగ్ ఫైలే దొరకలేదన్నమాట. టైమౌట్ అంటే నెట్‌వర్క్ సమస్య. క్లస్టర్ ప్రైవేటుది అయి ఉండవచ్చు, వీపీఎన్ గానీ బాస్టియన్ సర్వర్ గానీ కావాలి. సర్టిఫికెట్‌ను నమ్మలేమంటే, క్లస్టర్‌ను తీసేసి అదే పేరుతో మళ్లీ పెట్టారేమో, ఆఫీసు ప్రాక్సీ మధ్యలో దూరిందేమో చూడాలి. అక్కడ తనిఖీని ఆపేసే ఆప్షన్ వాడటం మాత్రం మన టోకెన్‌ను దారిలో ఉన్నవాడికి అప్పగించడమే. ‘అనథరైజ్డ్’ అంటే మనమెవరో సర్వర్‌కు తెలియలేదు. ‘ఫర్బిడెన్’ అంటే మనమెవరో తెలిసింది, ఆ పని చేసే హక్కు లేదు. ఈ చివరి రెంటి తేడా తెలిస్తే ఎవరిని సాయం అడగాలో తెలుస్తుంది. మొదటిదానికి టోకెన్ చూసుకోవాలి, రెండోదానికి క్లస్టర్ అడ్మిన్‌ను రోల్ అడగాలి.

రహస్యాల కాపలా

2016లో ఉబర్ ఇంజనీర్ల ప్రైవేటు గిట్‌హబ్ రిపాజిటరీలోకి చొరబడినవారికి అందులో ఒక అమెజాన్ యాక్సెస్ కీ దొరికింది. దాంతో 5.7 కోట్ల మంది వివరాలు వాళ్ల చేతికి వెళ్లాయి. 2017 నవంబర్‌లో గానీ కంపెనీ ఆ సంగతి బయటపెట్టలేదు. 2018 ఫిబ్రవరిలో రెడ్‌లాక్ పరిశోధకులు టెస్లాకు చెందిన కుబెర్నెటీస్ కన్సోల్ పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉందని వెల్లడించారు. చొరబాటుదారులు అందులో క్రిప్టో మైనింగ్ నడిపారు, అక్కడి పాడ్‌లో (కలిసి నడిచే కంటైనర్ల గుంపులో) అమెజాన్ కీలు కూడా బయటికి కనిపిస్తున్నాయి. రెండు చోట్లా గట్టి తాళాలు పగలగొట్టాల్సిన అవసరమే రాలేదు. గడువులేని కీ ఒకటి ఉండకూడని చోట ఉంది, అంతే.

అందుకే ఇప్పుడు మనుషులకే కాక మెషీన్లకు కూడా శాశ్వత కీలు ఇవ్వడం మానుతున్నారు. 2022 మేలో వచ్చిన 1.24 వెర్షన్ నుంచి కుబెర్నెటీస్ ప్రతి సర్వీస్ అకౌంట్‌కూ గడువులేని టోకెన్‌ను దానంతటదే పుట్టించడం ఆపేసింది. కావాలంటే ‘క్రియేట్ టోకెన్’ కమాండ్‌తో గడువున్నది తీసుకోవాలి. బిల్డ్‌లు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ 2021 నుంచి ఓఐడీసీ అనే గుర్తింపు ప్రమాణం ద్వారా క్లౌడ్‌లోకి వెళ్లగలుగుతోంది. బిల్డ్ నడిచినంతసేపే ఆ గుర్తింపు చెల్లుతుంది, రిపాజిటరీలో దాచాల్సిన కీ అంటూ ఏదీ ఉండదు.

క్రెడిట్ కార్డు లేని విద్యార్థులు ఇదంతా ఖర్చు లేకుండానే నేర్చుకోవచ్చు. మినీక్యూబ్, కైండ్ అనే టూల్స్ ల్యాప్‌టాప్‌లోనే చిన్న క్లస్టర్ పెట్టి, ఇదే రకం కాన్ఫిగ్ ఫైల్ రాస్తాయి. కాంటెక్స్ట్ మార్చడం, రోల్ రాయడం, ‘ఫర్బిడెన్’ తెప్పించుకుని దాన్ని సరిచేయడం అక్కడే సాధన చేయవచ్చు.

ఇప్పటికే క్లౌడ్‌తో పనిచేస్తున్న పాఠకులకు ఒక విన్నపం. మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘ఏడబ్ల్యూఎస్’ ఫోల్డర్‌ను, అందులోని క్రెడెన్షియల్స్ ఫైల్‌ను ఒకసారి తెరవండి. ఏ, కే, ఐ, ఏ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే కీ కనిపిస్తే అది గడువులేనిది. దాన్ని ఏ స్క్రిప్టు వాడుతోందో కనుక్కుని, బ్రౌజర్ లాగిన్‌కు మారి, ఆ కీని ముందు డిజేబుల్ చేసి, ఏదీ ఆగలేదని తేలాక డిలీట్ చేయండి.